వంకీల జుట్టు – వంక పెట్టిన చరిత్ర

సూరత్ నగరానికి దక్షిణ దిక్కున మరమగ్గాల మోత వినవచ్చే పారిశ్రామిక ప్రాంతాలలో ఖటోదరా ఒకటి. అక్కడి నుంచి ఉధనా మీదుగా నవసారి వైపు సాగే దారి కొద్ది క్రోసుల దూరంలోనే సచిన్ అనే ఊరిని చేరుతుంది. దారి చిన్నదే కాని, రెండు పెద్ద వలసల చరిత్ర దాని మీద కలుస్తున్నది. మొదటిది తెలుగువారిది. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ సీమల నుంచి పద్మశాలి కుటుంబాలు షోలాపురానికీ, భివండీకీ పోయినట్లే సూరత్‌కూ పోయి, లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడినవి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ బడులు నడుపుతూ వచ్చినది. రెండవ వలస అంతకంటె చాల పాతది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కొందరు బానిసలుగా, కొందరు సైనికులుగా, కొందరు నావికులుగా వచ్చి ఈ దేశపు ప్రజలలో కలిసిపోయిన సిద్దీలది ఆ వలస. సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబులు ఏలిన సంస్థానం.

ఈ రెండు జనాల మధ్య పోలిక తీయడానికి కారణం మగ్గమూ కాదు, కోటా కాదు, జుట్టు. సిద్దీ పిల్లల తల మీద దట్టంగా చుట్టుకొని ఉండే వంకీలు వారి పూర్వుల దేశాన్ని చెప్పక చెబుతవి. తెలుగు ఇండ్లలోనూ ఉంగరాల జుట్టుతో పుట్టే పిల్లలకు కొదువ లేదు. ఆ పిల్లలు పొద్దున తల దువ్వించుకొనే వేళ వినే మాటలు అందరికీ తెలిసినవే. పిచ్చుకగూడు అని ఒకరు, కొబ్బరిపీచు అని ఒకరు, ఈ చిక్కు తీసేసరికి తెల్లవారుతుందని మరొకరు అంటారు. ప్రేమ లేక అనే మాటలు కావు అవి. అయినా అయిదారేండ్ల పిల్లకు వాటి వల్ల ఒక సంగతి తెలిసిపోతుంది: తన తల మీద పుట్టినది తప్పు, దానిని సాపు చేసుకొనడమే ఒప్పు. ఈ తీర్పు ఎవరిది? ఎప్పటిది? మన సాహిత్యం ఇచ్చినదా, లేక బయటి నుంచి వచ్చి మన నోట నిలిచినదా? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలో వెదకవలసి ఉన్నది.

మొదట సిద్దీల చరిత్రనే చూడవచ్చును. అబిసీనియా పేరు మీద వీరిని హబ్షీలనీ, ‘నా ప్రభువు’ అనే అర్థం గల అరబ్బీ మాట మీద సిద్దీలనీ పిలిచినారు. కొంకణ తీరాన జంజీరా దీవి కోటను పట్టుకొని, మరాఠా పాలకులు ఎన్నిసార్లు ముట్టడించినా లొంగక నిలిచినవారు సిద్దీలు. ఔరంగజేబు కాలంలో వారు మొగలు నౌకాదళానికి నాయకులైనారు. ఆ దళం ఖర్చుకు సూరత్ రాబడి నుంచే సొమ్ము ముట్టేది. తరువాత సూరత్ కోట కూడ సిద్దీల వశమైనది. 1759లో ఈస్టిండియా కంపెనీ వారి నుంచే దానిని గుంజుకొన్నది. జంజీరా గద్దెకు వారసుడైన అబ్దుల్ కరీం యాకూత్ ఖాన్ పీష్వాతో చేసుకొన్న ఒప్పందం వల్ల 1791లో సచిన్ సంస్థానం ఏర్పడినది. 1948లో అది బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయేదాక ఆ వంశమే దానిని ఏలినది. అహమ్మదాబాదులో 1572–73లో కట్టిన సిద్దీ సయ్యద్ మసీదు రాతి జాలీలను చూచి నేటికీ ప్రపంచం అబ్బురపడుతున్నది. దక్కనులో మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమదునగర రాజ్యానికి సర్వాధికారి అయినాడు. 1626లో మరణించేవరకు మొగలులకు కంటిలో నలుసుగానే ఉన్నాడు.

వీరికి అవమానం జరగలేదని కాదు. జహంగీరు తన స్మృతులలో మాలిక్ అంబర్‌ను అతని నల్లని రంగు ఎత్తి నిందించినాడు. యుద్ధంలో గెలవలేని ఆ శత్రువు శిరస్సును తాను బాణంతో కొట్టుతున్నట్లు చిత్రం వ్రాయించుకొన్నాడు. అయితే చేతిలో కోట ఉన్నవానికి ఆ నింద అంటదు. కోట పోయిన తరువాత అదే నింద పిల్లల నెత్తిన మిగులుతుంది. గుజరాతులో గిర్ అడవుల అంచున జంబూరు, భరూచ్ జిల్లాలో బావా గోర్ దర్గా ఉన్న రతన్‌పూర్ మొదలైన చోట్ల బ్రతికే సిద్దీలు తరతరాలుగా గుజరాతీ మాట్లాడుతున్నారు. వారి ధమాల్ నృత్యానికి ‘గోమా’ అనే మరో పేరు ఉన్నది. అది డప్పును చెప్పే ఆఫ్రికా మాట ‘ంగోమా’ నుంచి వచ్చినదే. పూర్వుల భాషలో మిగిలినవి ఇటువంటి మాటలు కొన్నే. అయినా వీరి ముఖమూ జుట్టూ చూచి, ఏ దేశం నుంచి వచ్చినారని స్వదేశంలోనే అడిగేవారు ఉన్నారు. వందల ఏండ్ల నివాసం చాటలేని పౌరసత్వాన్ని తల మీది వంకీ ఒక్క క్షణంలో ప్రశ్నార్థకం చేస్తున్నది.

ఈ చరిత్ర తెలుగు నేలకు దూరమైనది కాదు. వనపర్తి సంస్థానంలో పోషించబడి తరువాత నిజాం కొలువులో చేరిన ఆఫ్రికా ఆశ్వికదళం ఉండిన పేటయే నేటి హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్. ఆ రెండు అక్షరాలలో ఆఫ్రికా పేరు దాగి ఉన్నదని ఆ దారిన పోయేవారిలో ఎందరికి తెలుసు? హబ్సిగూడ పేరు కూడ హబ్షీల నుంచే వచ్చినదని చెబుతారు. నిజాం రాజ్యం ముగిసిన తరువాత ఆ దళం రద్దయినది. కుటుంబాలు అక్కడనే నిలిచిపోయినవి. హైదరాబాదు పెండ్లిళ్ళలో మ్రోగే మర్ఫా వాద్యంలో వారి పాలు ఉన్నది. ఊరు వారి తాళాన్ని తనదిగా చేసికొన్నది. వారి పిల్లల జుట్టును అంత సులభంగా తనదిగా ఎంచినదా అనేది వేరు ప్రశ్న.

ఇక సాహిత్యం సంగతి. సంస్కృతాంధ్ర కావ్యాలలో జుట్టు వర్ణన లేని నాయిక లేదు. ఆ వర్ణనలలో వంకీకి దక్కిన స్థానం ఆలోచించదగినది. ‘అలక’ అనే మాటకే వంకీ తిరిగిన కురులని అర్థం. అమరకోశం వాటిని చూర్ణకుంతలాలన్నది. ముఖపద్మం చుట్టూ మూగిన తుమ్మెదలతో ముంగురులను పోల్చడం కవిసమయమైపోయినది. సాపుగా వ్రేలాడే వెంట్రుకకు ఆ పోలిక కుదరదు. నుదుటి మీద చుట్టుకొన్న కురులకే కుదురుతుంది. కుటిలకుంతల అనేది నాయికకు బిరుదు. ఒక పట్టణాన్ని వర్ణించేటప్పుడు కవులు పరిసంఖ్యాలంకారాన్ని ప్రయోగించి, ఈ ఊరిలో వంకర అన్నది స్త్రీల కురులలోనే గాని మనుష్యుల మనసులలో లేదని చమత్కరించడం పరిపాటి. ఇక్కడ కుటిలత్వం దోషం. అయినా ఆ దోషం తల మీద ఉన్నప్పుడు గుణంగా మారుతుంది. భాష తనలో తాను చేసికొన్న ఈ సర్దుబాటులో ఒక గొప్ప ఔదార్యం ఉన్నది.

దేవతల పేర్లలోనూ ఇదే గౌరవం కనబడుతుంది. చక్కని కేశములు గలవాడని కేశవ శబ్దానికి ఒక అర్థం చెప్పినారు. అర్జునుని గుడాకేశుడన్న పేరుకు నిద్రను జయించినవాడనే అర్థంతో పాటు దట్టమైన జుట్టు గలవాడనే అర్థం కూడ వ్యాఖ్యాతలు ఇచ్చినారు. కపర్దమంటే గవ్వ, గవ్వ వలె చుట్టుకొన్న జడ గలవాడు కావున శివుడు కపర్ది. ఋగ్వేదంలోనే రుద్రునికి ఈ విశేషణం ఉన్నది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూచినవారికి ఇంకొక నిదర్శనం అక్కరలేదు. అక్కడి బుద్ధుని శిరస్సు నిండా నత్తగుల్లల వంటి చిన్న చిన్న సుళ్ళు. సిద్ధార్థుడు ఖడ్గంతో జుట్టు కోసికొన్నప్పుడు మిగిలిన రెండంగుళాల కేశాలు కుడివైపునకు సుడి తిరిగి జీవితాంతం అట్లే ఉండిపోయినవని పాలీ నిదానకథ చెబుతున్నది. కృష్ణాతీరపు శిల్పి మహాపురుషుని తలను ఊహించినప్పుడు అతనికి తోచినది సాపు జుట్టు కాదు, వంకీల జుట్టు.

ఈ వంకీలు పడమటి పండితుల కంటబడిన వెంటనే వేరొక ప్రశ్న పుట్టినది. బుద్ధుని విగ్రహాలలోని ఉంగరాల జుట్టును చూచి, ఆయన ఆఫ్రికా జాతివాడై ఉంటాడని పద్దెనిమిదవ శతాబ్దంలో కొందరు ఊహించినారు. ఆ ఊహను ఖండించడానికి 1819లో ఆబెల్ రెమ్యూసా అనే ఫ్రెంచి పండితుడు ప్రత్యేకంగా ఒక వ్యాసమే వ్రాసినాడు. ఊహ తప్పే. కాని గమనించవలసినది ఊహ తప్పొప్పులు కాదు. మహాపురుష లక్షణంగా చెక్కిన వంకీని వారు జాతి లక్షణంగా చదివినారు. అలంకారశాస్త్రం నుంచి జుట్టు కొలతల శాస్త్రానికి మారిన ఘట్టం ఇది. తరువాతి శతాబ్దంలో రిస్లీ, థర్‌స్టన్ వంటి అధికారులు ఈ దేశపు కులాలనూ తెగలనూ వర్గీకరించినప్పుడు ముక్కు కొలతలతో పాటు జుట్టు తీరు కూడ లెక్కలోకి వచ్చినది. మనిషి తల మీది వెంట్రుక అతని అంతస్తుకు సాక్ష్యమైనది.

ఆ సాక్ష్యాన్ని చట్టంగా మార్చిన దేశం దక్షిణాఫ్రికా. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రకారం ప్రతి మనిషికి ఒక జాతి నిర్ణయించవలసి వచ్చినది. సందేహం ఉన్న చోట జుట్టులో పెన్సిలు గుచ్చి చూచేవారు; జారి పడితే ఒక జాతి, నిలిచిపోతే మరొక జాతి. 1955లో తెల్ల దంపతులకు పుట్టిన శాండ్రా లైంగ్ అనే బాలికను, ఆమె చర్మమూ వంకీల జుట్టూ తెల్లవారి వలె లేవని, పదేండ్ల వయస్సులో బడి నుంచి పంపివేసినారు. జాతి మార్చి నమోదు చేసినారు. మరుసటి యేడు మళ్ళీ మార్చినారు. అదే దేశంలో నేటాలు చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు ఓడలలో చేరిన తెలుగువారి సంతతి ఉన్నది. 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. తెలుగు పిల్లలు కూడ ఆ వర్గీకరణ నీడలోనే పెరిగినారు. వెంట్రుకకు కులం కట్టే పిచ్చి ఎంతదూరం పోగలదో తెలుసుకొనడానికి తెలుగువారు పరాయి చరిత్ర చదువవలసిన పని లేదు.

అయితే నిందనంతా పడమటి మీద మోపి చేతులు దులుపుకొనడం న్యాయం కాదు. మన కావ్యాలు వంకీని మెచ్చినది నుదుటి వరకే. వెనుక వైపు కావలసినది నల్లగా, నిడుపుగా, పిరుదులు దాటి సాగే జడ. నీలవేణి, ఘనవేణి అనే సంబోధనలన్నీ ఆ జడకే చెందుతవి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీద జడ వేసి, తనను గెలిచినవారుంటే దానిని కోసి ఇస్తానని సవాలు చేసే సంప్రదాయం అందరూ ఎరిగినదే. జడ పొడుగు ఆడదాని ప్రతిష్ఠ అయినది. లేనివారికి సవరం దిక్కయినది. పైగా వంకీ గౌరవం దేవతకూ నాయికకూ దక్కినంతగా పనిచేసుకొని బ్రతికే మనిషికి దక్కలేదు. గుడిలో సుళ్ళు తిరిగిన జుట్టుకు మ్రొక్కిన చేతితోనే ఇంట్లో పిల్ల తలను చిక్కు పేరిట మొట్టడం మన ఆచారం. కావున పూర్వసాహిత్యం ఈ పిల్లల పక్షాన సాక్ష్యం చెబుతుంది కాని, అది సగం సాక్ష్యమే.

మిగతా సగాన్ని ఆధునిక జీవితం చెరిపివేసినది. బడికి పోయే ఆడపిల్లకు నూనె పెట్టి, నడినెత్తిన పాపిట తీసి, రెండు జడలు అల్లి, రిబ్బన్లు కట్టడం శుభ్రతకు గుర్తయినది. వంకీల జుట్టు ఈ కొలతకు లొంగదు. దానిని పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ళ దువ్వెనతో మొదటి నుంచి లాగితే తెగుతుంది, నొప్పి పుడుతుంది. తడిగా ఉన్నప్పుడు వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయవలెను. ఈ చిన్న తెలివి లేకపోవడం వల్ల దువ్వెన తప్పు జుట్టు మీద పడినది. సినిమా తెర మీద నాయిక జుట్టు సాపుగా జారినది. బ్యూటీపార్లర్లలో స్ట్రెయిటెనింగులు, రీబాండింగులు వచ్చినవి. జుట్టు సాపు చేసే మందులను తరచుగా వాడే స్త్రీలలో గర్భాశయ క్యాన్సరు ఎక్కువగా కనబడుతున్నదని 2022లో అమెరికా పరిశోధకులు ప్రకటించినారు. దానికి కారణం ఇదే అని ఇంకా తేలకపోయినా, పిల్లల తల మీద ఆ మందు పోసే చేయి ఒకసారి ఆగవలసిన మాటే అది.

ఈ సౌందర్య వ్యాపారంలో తెలుగు నేలకు ఒక విచిత్రమైన భాగస్వామ్యం ఉన్నది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలు వేలానికి పోతవి. ఏలూరు వంటి చోట్ల జుట్టును శుద్ధి చేసి విదేశాలకు పంపే పరిశ్రమ ఉన్నది. అహంకారాన్ని వదలుకొంటున్నామని భక్తుడు ఇచ్చిన వెంట్రుక, సముద్రం దాటి, మరొక స్త్రీ తల మీద అందంగా మారుతుంది. అమెరికా నల్లజాతి స్త్రీలలో ఎందరో తమ సహజమైన వంకీలను కప్పుకొనడానికి కొనేది ఇట్లా పోయిన భారతదేశపు జుట్టునే. ‘నాకు మంచి జుట్టు ఎందుకు లేదు?’ అని తన చిన్నకూతురు అడిగిన ప్రశ్న మీద క్రిస్ రాక్ అనే నటుడు 2009లో ఒక డాక్యుమెంటరీ తీసినాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆయన భారతదేశపు దేవాలయాల దాక రావలసి వచ్చినది. ఒక పసిపిల్ల తన జుట్టు మంచిది కాదనుకొన్నది. ఆ ‘మంచి’కి ముడిసరుకు ఇక్కడి నుంచి పోయినది. తిరుమల మెట్లకూ ఆ పిల్ల దువ్వెనకూ మధ్య గల ఈ సంబంధాన్ని తెలుగు రచయిత తప్ప మరెవరు చెప్పగలరు?

పిల్లలకు ఈ సిగ్గు పుట్టుకతో రాదు, నేర్పబడుతుంది అనడానికి ఆధారాలున్నవి. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వశాస్త్ర దంపతులు 1940 ప్రాంతంలో మూడు నుంచి ఏడేండ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మనూ గోధుమ వన్నె బొమ్మనూ పెట్టి, ఏది చక్కనిదని అడిగినారు. ఎక్కువమంది తెల్లబొమ్మను చూపినారు. తెలుపు, నలుపు పిల్లలకు వేరువేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావనకు వచ్చినది. మాయా ఏంజెలో 1969లో ప్రచురించిన ఆత్మకథ ఆరంభంలోనే, తన జుట్టు స్థానంలో పొడుగాటి బంగారు జుట్టు మొలుస్తుందనీ అప్పుడు అందరూ ఆశ్చర్యపోతారనీ కలగనే పిల్ల కనబడుతుంది. ఆ కల ఆ పిల్లది కాదు. ఆమె చుట్టూ ఉన్న లోకం ఆమె చేత కనిపించినది.

నేర్పబడినదానిని మాన్పవచ్చును కూడ. ఆ పనికి బాలసాహిత్యం కూడ పూనుకొన్నది. కాని అది సులువుగా జరగలేదు. వంకీల జుట్టును ఆంగ్లంలో ‘నాపీ’ అంటారు; ఎంతో కాలం అది తిట్టు. కరోలివియా హెరన్ అనే నల్లజాతి రచయిత్రి ఆ తిట్టునే పేరుగా పెట్టి, ఆ జుట్టును మెచ్చుతూ 1997లో పిల్లల పుస్తకం వ్రాసినారు. మరుసటి యేడు న్యూయార్కు బ్రూక్లినులో ఒక తెల్ల ఉపాధ్యాయిని దానిని తరగతిలో చదివి వినిపించినది. పిల్లలు సంతోషించినారు, కాని నకలు పుటలు చూచిన పెద్దలు మండిపడినారు, ఆమె ఆ బడి విడిచిపోవలసి వచ్చినది. మాట ఒకటే. రచయిత్రి కలంలో అది గర్వం, పెద్దల చెవిలో అది పాత గాయం. రెండేండ్లకే, 1999లో, బెల్ హుక్స్ అదే మాటను ఆనందంతో జతచేసి మరొక పిల్లల పుస్తకం తెచ్చినారు. 2010లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టెలివిజను కార్యక్రమంలో ఒక బొమ్మ తన జుట్టు తనకిష్టమని పాడినది. ఇథియోపియా నుంచి పెంచుకొన్న తన కూతురి కోసం ఒక రచయిత వ్రాసిన పాట అది. కూతురి జుట్టు దువ్వడం నేర్చుకొనే తండ్రిని చూపిన ‘హెయిర్ లవ్’ అనే చిన్న బొమ్మల చిత్రానికి 2020లో ఆస్కార్ లభించినది.

పుస్తకం దగ్గర ఆగక ఈ మార్పు నియమాల దాక పోయినది. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా బాలికల ఉన్నత పాఠశాలలో నల్లజాతి విద్యార్థినులు తమ జుట్టు మీది ఆంక్షలకు ఎదురు నిలిచినారు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం సహజమైన జుట్టు తీరును బట్టి బడిలోగాని పనిలోగాని వివక్ష చూపరాదని చట్టం చేసినది. ఈ దేశంలో ఇటువంటి కోలాహలం జరగలేదు. కాని జంబూరు గ్రామపు సిద్దీ మహిళ హీరాబాయి లోబీ తన జనంలోని స్త్రీలను కూడగట్టి, పిల్లలకు బాలవాడీలు నెలకొల్పి, 2023లో పద్మశ్రీ గౌరవం అందుకొన్నారు. ఆమె ఉద్యమం జుట్టు కోసం కాదు. చదువు కోసం, కూటి కోసం. అయితే తన వంటి ముఖమూ తన వంటి జుట్టూ గల స్త్రీ రాష్ట్రపతి భవనంలో గౌరవం పొందడం చూచిన సిద్దీ పిల్లకు అద్దంలోని తన రూపం కొంచెమైనా కొత్తగా కనబడి ఉండదా?

శాస్త్రం కూడ ఈ పిల్లల పక్షానే ఉన్నది. వెంట్రుక మొలిచే కుదురు వంపు తిరిగి ఉంటే వెంట్రుక వంకీ తిరుగుతుంది. అందులో శుభ్రతా లేదు, అశుభ్రతా లేదు. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు వేడి పుట్టించగల బొమ్మ తలకు రకరకాల జుట్టు తొడిగి, ఎండ తాకిడిని కొలిచినారు. బిగువుగా చుట్టుకొన్న వంకీలే నడినెత్తిన ఎండ నుంచి మాడును అన్నిటికంటె బాగా కాపాడినవి. ఆదిమానవుడు ఆఫ్రికా ఎండలో నడిచిన కాలంలో మెదడును చల్లగా ఉంచిన గొడుగు అది. కొబ్బరిపీచు అని హేళన చేయబడుతున్నది మానవజాతి నెత్తిన పట్టిన మొదటి గొడుగు.

ఇక మిగిలినది రచయితల కర్తవ్యం. ‘నాపీ’, ‘వూలీ’ వంటి మాటలను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు అనువాదకుని కలం తొందరపడి ‘ఉన్ని జుట్టు’, ‘ముతక జుట్టు’ అని వ్రాసివేస్తుంది. మూలంలో ఆ మాటను అన్నది శత్రువా, తల్లియా అనేది తెలుగులో మాసిపోతుంది. తిట్టుగా వచ్చిన చోట తిట్టుగానే ఉంచవలెను. చరిత్రను తేనె పూసి చెప్పరాదు. ముద్దుగా వచ్చిన చోట మాత్రం ముంగురులు, వంకీలు, ఉంగరాలు, సుళ్ళు, అలకలు అనే మాటల నిధి మన ముందు ఉన్నది. ఇన్ని మాటలుండగా పీచునూ గూడునూ ఆశ్రయించడం భాషా దారిద్ర్యం కాదు, చూపు దారిద్ర్యం. సొంత రచనలలోనూ అంతే. మన పిల్లల కథలలో మంచి పిల్లకు ఎప్పుడూ పొడుగు జడ, రాక్షసికి చింపిరి జుట్టు అని వ్రాయడం ఎంత అలవాటైపోయినదో ఒకసారి లెక్క చూచుకొనవచ్చును. ఏ.సి. గార్డ్స్ పిల్ల, సూరత్ మగ్గాల పేటలోని తెలుగు పిల్ల, నల్లమల చెంచు పిల్ల నాయికగా ఉన్న కథలు ఎన్ని ఉన్నవి? వారి జుట్టును జాలితోనో వింతగానో కాక, కథలో పొద్దుపోయినట్లు, వాన కురిసినట్లు సహజంగా చెప్పిన వాక్యాలు ఎన్ని ఉన్నవి?

ఒక మెలకువ కూడ అవసరం. వంకీని నెత్తికెత్తుకొని సాపు జుట్టును దూషించడం పాత తప్పును తలక్రిందులు చేయడమే అవుతుంది. పెద్దయిన తరువాత ఎవరి జుట్టును వారు సాపు చేసికొన్నా, కత్తిరించుకొన్నా, స్వామికి సమర్పించుకొన్నా అది వారి ఇష్టం. కాని ఇష్టం అనేది ఇష్టంగా ఉండవలెనంటే దానికి ముందు సిగ్గు ఉండరాదు. తన జుట్టు తప్పు కాదని తెలిసి మార్చుకొనడం వేరు. తప్పని నమ్మి దాచుకొనడం వేరు. పసితనంలో ఆ తేడా నిర్ణయమయ్యేది పెద్దవారి నోటిమాట వల్ల.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని తెలుగు సామెత. లోకం దానిని కలిగినవారి భాగ్యాన్ని చెప్పే మాటగా వాడుకొంటున్నది. అక్షరార్థం తీసికొంటే మాత్రం అది ఉదారమైన తీర్పు: ఏ కొప్పు అయినా సరే. ఆ సామెతను పుట్టించిన భాష ఏ పిల్ల జుట్టునూ తప్పు పట్టనవసరం లేదు. పొద్దున చిక్కు తీసే చేతికి కొంత ఓపిక, ఆ చేతితో పాటు కదిలే నోటికి ఒక మంచిమాట కావలెను. ఆ మంచిమాటను సమకూర్చి పెట్టడం రచయితల పని.